ఐసు కాల్చిన వేళ్లు: రొయ్యల ప్లాంట్లలో చలిగాయం ఎలా అవుతుంది

మా పిన్ని కొడుకు భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో, ఫ్రీజర్ సెక్షన్‌లో పనిచేసేవాడు. ప్లేట్ ఫ్రీజర్ (చల్లటి లోహపు పలకల మధ్య సరుకును గడ్డకట్టించే యంత్రం) తలుపు తీసి, గడ్డకట్టిన రొయ్యల దిమ్మలున్న అల్యూమినియం ట్రేలను బయటికి లాగడం వాడి పని. ఒక రాత్రి షిఫ్టులో ఒక ట్రే ప్లేటుకు పట్టేసింది. చేతికున్న రబ్బరు గ్లౌజు అప్పటికే వేళ్ల దగ్గర చిరిగి, లోపలికి నీళ్లు దిగి ఉంది. గట్టిగా పట్టుకుని ఊపాడు, రాలేదు. ఇంకో రెండుసార్లు ఊపితే వచ్చింది. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టి ఉండదు. ఎడమచేతి మూడు వేళ్ల కొనలు తెల్లగా పాలిపోయి, మైనం ముద్దల్లా అయ్యాయి.

నొప్పిగా ఉందా అని పక్కవాళ్లు అడిగితే "లేదు, తిమ్మిరెక్కింది అంతే" అన్నాడట. చాలాకాలంగా అక్కడ పనిచేస్తున్న ఒకాయన, కంప్రెసర్ వేడి పైపు మీద కాసేపు చెయ్యి ఆనించమని సలహా ఇచ్చాడు. వీడు ఆనించాడు. తెల్లారేసరికి వేళ్లు వంకాయల్లా ఉబ్బి, నల్లటి నీటితో బొబ్బలు లేచాయి. పిన్ని ఫోన్ చేసి అడిగిన మొదటి మాట నాకిప్పటికీ గుర్తుంది: "ఒరే, ఐసు కూడా కాలుస్తుందా?"

కాలుస్తుంది. నిజానికి అది కాల్చడం కాదు, గడ్డకట్టించడం. చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. బొబ్బలు, ఊడిపోయే చర్మం, తర్వాత నల్లటి పెచ్చు. మంచుకాటు అనగానే మనకు సియాచిన్‌లో కాపలా కాసే సైనికులు గుర్తొస్తారు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే పశ్చిమ గోదావరి గుర్తుకు రాదు. కానీ భీమవరం, కాకినాడ, విశాఖ, నెల్లూరు చుట్టుపక్కల ఉన్న రొయ్యల ప్లాంట్లలో ఏ ఒక్కదాని తలుపు తీసినా, సియాచిన్ చలికాలపు చలి ఏడాది పొడవునా ఉంటుంది. ప్లేట్ ఫ్రీజర్లు, చల్లగాలిని ఊది గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్లు మైనస్ 35 నుంచి మైనస్ 40 డిగ్రీల్లో నడుస్తాయి. సరుకు దాచే కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 లేదా అంతకంటే చల్లగా ఉంటుంది. మనిషి మాత్రం బయటి ఎండలోంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి నేరుగా అందులోకి దిగుతాడు.

చర్మం లోపల ఏం జరుగుతుంది

మన చర్మంలో ఉన్న నీళ్లు ఉప్పునీళ్లు కాబట్టి సున్నా కంటే కాస్త కింద, సుమారు మైనస్ అర డిగ్రీ దగ్గర గడ్డకట్టడం మొదలుపెడతాయి. ముందు కణాల మధ్య ఉన్న నీరు స్ఫటికాలవుతుంది. అక్కడ మిగిలిన నీరు ఉప్పగా మారేకొద్దీ కణం లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. ఊరగాయలో ఉప్పు పడ్డ మామిడిముక్క నీరొదిలి ముడుచుకుపోయినట్టు కణం ఎండిపోతుంది. చల్లదనం ఇంకా వేగంగా తగిలితే కణం లోపలే స్ఫటికాలు ఏర్పడి దాన్ని చీల్చేస్తాయి.

ఇది సగం కథే. మిగతా సగం, వేలు మళ్లీ వెచ్చబడ్డాక నడుస్తుంది. చలికి దెబ్బతిన్న సన్నటి రక్తనాళాల లోపలి పొర చిల్లులుపడి నీరు కారుస్తుంది. ఉబ్బు, బొబ్బలు అందుకే. ఆ దెబ్బతిన్న పొర మీద రక్తం చిన్నచిన్న గడ్డలుగా కట్టి నాళాన్ని మూసేస్తుంది. అంటే వేలు కరిగి, ఎర్రబడి, బాగైనట్టు కనిపించిన తర్వాత కూడా రక్తం అందక చచ్చిపోవచ్చు. "రాత్రి బాగానే ఉంది, పొద్దునకి నల్లబడింది" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అది ఈ గాయం స్వభావం.

నొప్పి పలకని ఏడు డిగ్రీలు

మావాడు నొప్పి లేదన్నాడు చూశారా, నాకు అన్నిటికంటే భయం కలిగించింది ఆ మాటే. చల్లటి వస్తువుల్ని తాకితే మనిషికి ఏమవుతుందో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్‌ఓ 13732లో మూడో భాగం. అందులో మూడు గీతలు గీశారు. తాకిన చోట చర్మం 15 డిగ్రీలకు దిగితే నొప్పి. 7 డిగ్రీలకు దిగితే మొద్దుబారడం. సున్నాకు దిగితే గడ్డకట్టడం.

ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 15 నుంచి 7 దాకా శరీరం అరిచి చెబుతుంది, చెయ్యి తియ్యమని. 7 నుంచి సున్నా దాకా ఏమీ చెప్పదు. నరాలే పనిచేయడం ఆపేస్తాయి కాబట్టి చెప్పలేదు. అసలు నష్టం మొదలయ్యేది ఆ మౌనం చివర్లో. పొయ్యి మీద గిన్నె పట్టుకుంటే చెయ్యి తనంతట తనే వెనక్కి వస్తుంది. మైనస్ 35లో ఉన్న ట్రేని పట్టుకుంటే మొదటి క్షణం చురుక్కుమంటుంది, తర్వాత హాయిగా ఉంటుంది. పనిలో ఉన్నవాడు "ఆ, అలవాటైపోయింది" అనుకుంటాడు. అలవాటు కాలేదు, వేలు మొద్దుబారింది. కాబట్టి "నొప్పెడితే చెయ్యి తీసేయండి" అని చెప్పే సూపర్‌వైజరు మంచి మనసుతో చెప్పినా, ఆ సలహా ఇక్కడ పనికిరాదు. చెయ్యి ఎప్పుడు తియ్యాలో గడియారం చెప్పాలి, థర్మామీటరు చెప్పాలి. చెయ్యి చెప్పదు.

ఎంతసేపట్లో ఆ గీతలు దాటుతామన్నది వస్తువు ఎంత చల్లగా ఉందన్న దాని మీద మాత్రమే ఆధారపడదు. అది దేనితో చేసిందో కూడా చూడాలి. ఒకే గదిలో, ఒకే మైనస్ 20లో ఉన్న అట్టపెట్టెను, ప్లాస్టిక్ క్రేటును, స్టీలు రాడ్డును, అల్యూమినియం ట్రేని వరసగా తాకితే, లోహాలు రెండూ కొరికినట్టుంటాయి, చివరిది మరీ ఎక్కువగా. అల్యూమినియం మన వేలిలోని వేడిని స్టీలు కంటే చాలా చురుగ్గా లాగేసుకుంటుంది. త్వరగా గడ్డకట్టించడానికి ప్లేట్ ఫ్రీజర్‌లో ఆ లోహాన్నే వాడేది ఎందుకో, వేలికి అదే ప్రమాదం ఎందుకో, రెండింటికీ కారణం ఒకటే. రొయ్యల నుంచి వేడిని ఎలా లాగుతుందో మనిషి నుంచీ అలాగే లాగుతుంది. దానికి తేడా తెలియదు.

తడి దీనికి తోడు. చిన్నప్పుడు పుల్ల ఐసు నాలుకకు అంటుకుపోవడం అందరికీ అనుభవమే. నాలుక మీది తడి క్షణంలో గడ్డకట్టి జిగురులా పనిచేస్తుంది. రొయ్యల ప్లాంటులో పొడి చెయ్యి అనేదే ఉండదు. నేల తడి, బల్ల తడి, గ్లౌజు తడి. నీళ్లు గాలికంటే సుమారు ఇరవై ఐదు రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతాయి. తడిసిన గ్లౌజు వేసుకోవడం కంటే అది లేకపోవడమే నయం అనను. కానీ చాలా సందర్భాల్లో తడి గ్లౌజు, ఏమీ లేకపోవడానికి దగ్గరగానే ఉంటుంది. పైగా మనిషికి ధైర్యం ఇస్తుంది, అది ఇంకా చెరుపు.

బ్లాస్ట్ ఫ్రీజర్లలో ఏదీ తాకకపోయినా ముప్పే. ఫ్యాన్లు తిరుగుతుంటాయి. మైనస్ 30 డిగ్రీల గాలి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ముఖానికి తగిలితే, చర్మానికి అది కదలని గాలిలో మైనస్ 43తో సమానం. ముక్కు, చెవులు, బుగ్గలు పది నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. సరుకు తీసేటప్పుడు ఫ్యాన్లు ఆపాలన్న చిన్న నియమం ఎందుకు ఉందో దీన్ని బట్టి తెలుస్తుంది. తొందరలో మొదట వదిలేసేదీ ఆ నియమాన్నే.

అన్ని చలిగాయాలూ ఒకటి కావు

ఇక్కడే చాలామంది గందరగోళపడతారు. ఆహార పరిశ్రమలో చలిగాయం నాలుగు దారుల్లో వస్తుంది. అన్నిటికీ ఒకే ప్రథమ చికిత్స సరిపోదు.

మొదటిది ఫ్రీజర్‌లోని చల్లటి లోహం, చల్లగాలి; ఆ సంగతి చూశాం. రెండోది డ్రై ఐస్, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78.5 డిగ్రీలు. ఐస్‌క్రీమ్ రవాణాలో, పార్సిళ్లలో వాడతారు. చూడ్డానికి మామూలు ఐసు ముక్కలాగే ఉంటుంది, అదే దాని మోసం. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక రెస్టారెంటులో మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కుకున్నారు. పైగా కిలో డ్రై ఐస్ ఆవిరైతే ఐదు వందల లీటర్లకు మించి గ్యాస్ అవుతుంది. గాలికంటే బరువైనది కాబట్టి కిందే పేరుకుంటుంది. వ్యాను క్యాబిన్‌లో అద్దాలు మూసి తీసుకెళ్లేవాళ్లకు వేళ్లకంటే ముందు ఊపిరికే ముప్పు.

మూడోది ద్రవ నైట్రోజన్, మైనస్ 196. దీని గురించి ఒక విచిత్రం చెప్పాలి. వట్టి చేతి మీద ఒక చుక్క పడితే తరచుగా ఏమీ కాదు. కాలిన పెనం మీద నీటిచుక్క ఎగిరి దొర్లినట్టు, తన ఆవిరి పొర మీద తేలి జారిపోతుంది. అదే చుక్క బూటులోకో, బట్ట గ్లౌజులోకో దిగి ఇరుక్కుంటే జారే దారి లేక కొరికేస్తుంది. అందుకే ద్రవ నైట్రోజన్ దగ్గర పనిచేసేవాళ్లు ప్యాంటును బూటు పైకి వేసుకోవాలి, గ్లౌజు విదిలిస్తే ఊడేంత వదులుగా ఉండాలి. ఆహార శుభ్రత నియమాలు సరిగ్గా దీనికి అడ్డం. ప్యాంటు గంబూటులోకి దోపాలి, గ్లౌజు చేతికి అతుక్కుని ఉండాలి అంటాయవి. రెండు నియమాలూ మంచికే పెట్టినవి. ఆ రెండింటి మధ్య నలిగేది మాత్రం కార్మికుడు.

నైట్రోజన్ చేసే అసలు ఘోరం అమెరికాలో జార్జియా రాష్ట్రం గెయిన్స్‌విల్‌లో కనిపించింది. 2021 జనవరి 28న అక్కడి ఫౌండేషన్ ఫుడ్ గ్రూప్ కోళ్ల ప్లాంటులో ఫ్రీజర్ నుంచి ద్రవ నైట్రోజన్ పొంగి గదినిండా కమ్మేసింది. ఆరుగురు చనిపోయారు. ద్రవం మట్టం కొలిచే ఒక సన్నటి గొట్టం వంగిపోవడంతో యంత్రానికి మట్టం తెలియలేదని ఆ దేశపు కెమికల్ సేఫ్టీ బోర్డు విచారణలో తేలింది. ముందు లోపలికి వెళ్లింది రిపేరు చేసే ఇద్దరు. మిగతావాళ్లు వాళ్లకేమైందో చూద్దామని, లాక్కొద్దామని వెళ్లినవాళ్లే. ద్రవ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు ఏడు వందల రెట్లు ఉబ్బి ఆక్సిజన్‌ను తోసేస్తుంది. వాసన ఉండదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. తెల్లటి పొగమంచు కనిపిస్తే తోటివాడి కోసమైనా లోపలికి దూకకూడదని చెప్పడం కష్టంగా ఉంటుంది. కానీ అది ముందే చెప్పి ఉంచాల్సిన మాట.

నాలుగోది మనకు అన్నిటికంటే దగ్గరిది, అమ్మోనియా. మన ఐసు ఫ్యాక్టరీలు, డెయిరీలు, పెద్ద కోల్డ్ స్టోరేజీలు చాలావరకు దాని మీదే నడుస్తాయి. ద్రవ అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పైపు పగిలి చర్మం మీద చిమ్మితే ఒకేసారి రెండు పనులు చేస్తుంది. గడ్డకట్టిస్తుంది, సున్నంలాగా కాల్చేస్తుంది. నీళ్లంటే దానికి విపరీతమైన ఆకలి, కాబట్టి తడిగా ఉండే చోట్లకే పోతుంది: కళ్లు, గొంతు, చంకలు. 2020 జూన్‌లో నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర ఒక డెయిరీలో లీకై పద్నాలుగు మంది మహిళలు ఆసుపత్రి పాలయ్యారు. ఇలాంటి పెద్ద లీకులు పేపర్లో వస్తాయి. కంప్రెసర్ రూములో ఆయిల్ డ్రెయిన్ చేస్తుండగా చిమ్మి ఒక ఆపరేటరు చేతిని కాల్చేస్తే అది పేపర్లో రాదు.

ఈ నాలుగింటితో పాటు నిదానంగా అయ్యే గాయం ఇంకొకటుంది. దానికి గడ్డకట్టేంత చలి అక్కర్లేదు. పీలింగ్ బల్లల దగ్గర వరసగా నిలబడి ఆడవాళ్లు గంటల తరబడి ఐసునీళ్లలో రొయ్యల తలలు తీస్తుంటారు, తోలు వలుస్తుంటారు. రొయ్య నాలుగు డిగ్రీలు దాటకూడదు కాబట్టి వాళ్ల చేతులుండే నీళ్లూ దాటవు. మధ్యమధ్యలో క్లోరిన్ నీళ్లలో ముంచాలి. వేళ్లు కొంకర్లు పోతాయి, ఉబ్బుతాయి, గోళ్ల చుట్టూ పగుళ్లు తేలతాయి. కొందరికి ప్లాంటు మానేశాక కూడా చన్నీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతూనే ఉంటాయి. దీన్ని ఎవరూ ప్రమాదం అనరు, ఒక రోజున జరిగింది కాదు కదా. నాకు దీని మీదే ఎక్కువ బాధ, ఎందుకంటే గాయానికి తేదీ లేకపోతే మన దగ్గర గాయమే లేనట్టు.

"గ్లౌజులు వేసుకోలేదు"

ప్రమాదం జరిగాక మొదట వినిపించే మాట ఇదే. మావాడి విషయంలోనూ అదే అన్నారు. వాడు వేసుకున్నాడు. ఇచ్చిన గ్లౌజు చలికి పనికొచ్చేది కాదు. రొయ్యకు మురికి అంటకుండా కాపాడే పల్చటి రబ్బరు గ్లౌజు అది. సరుకును మనిషి నుంచి కాపాడేది, మనిషిని చలి నుంచి కాపాడేది కాదు.

చలి గ్లౌజులకు ఐరోపాలో ఈఎన్ 511 అనే ప్రమాణం ఉంది. గ్లౌజు మీద మంచుపువ్వు బొమ్మ, దాని కింద మూడు అంకెలు ఉంటాయి. మొదటిది చల్లగాలిని ఎంత ఆపుతుందో, రెండోది చల్లటి వస్తువును పట్టుకుంటే ఎంత ఆపుతుందో చెబుతాయి, సున్నా నుంచి నాలుగు దాకా. మూడోది నీళ్లు దిగుతాయా లేదా అన్నది. ట్రేలు లాగేవాడికి రెండో అంకె, మూడో అంకె ముఖ్యం. కొనేవాళ్లు ఈ మూడు అంకెలు చదివితే చాలు, సగం తప్పులు ఆగుతాయి. లోపల ఉన్ని పొర, పైన నీళ్లు దిగని పొర, లోపలిది తడిసిన ప్రతిసారీ మార్చుకోవడానికి పొడి జత. ఖర్చు పెద్దదేం కాదు.

అయినా గ్లౌజు ఆఖరి మాట. మొదట అడగాల్సింది, ఆ ట్రేని చేత్తో ఎందుకు పట్టుకోవాల్సి వచ్చింది అని. ప్లేట్లలోకి వేడి గ్యాస్ పంపి కాస్త కరిగించి తీస్తే ట్రే పట్టెయ్యదు. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు ఆదా చెయ్యమని వాడి మీద ఒత్తిడి ఉంది, బయట లారీ ఎదురుచూస్తోంది. ట్రేకి ప్లాస్టిక్ పిడి ఉన్నా, లాగడానికి ఒక కొక్కెం ఇచ్చినా వేలు లోహాన్ని తాకేదే కాదు. గోడ మీద జాగ్రత్తలు రాసి ఉన్నాయి, ఇంగ్లీషులో, తెలుగులో. వాడితో పనిచేసేవాళ్లలో సగం మంది ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు.

గాయమైతే ఏం చేయాలి

వేడి పైపు సలహా ఇచ్చినాయన చెడ్డవాడు కాదు. ఆ పొరపాటుకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1812లో నెపోలియన్ సైన్యం రష్యా నుంచి వెనక్కి వస్తున్నప్పుడు, గడ్డకట్టిన చేతులు కాళ్లను సైనికులు నెగళ్ల దగ్గర కాచుకోవడం, అవి కుళ్లిపోవడం సైన్యపు సర్జన్ డొమినిక్ లారే చూశాడు. మొద్దుబారిన చర్మానికి మంట కాలుతున్నట్టు కూడా తెలియదు. ఆయన చూసింది నిజమే. కానీ వేడే తప్పనుకుని, మంచుతో రుద్దమన్నాడు. వందేళ్లకు పైగా డాక్టర్లు అలాగే రుద్దారు. రుద్దితే లోపలి స్ఫటికాలు కణాల్ని ఇంకా చీలుస్తాయి. గోరువెచ్చటి నీళ్లలో త్వరగా కరిగించడమే సరైనదని ఇరవయ్యో శతాబ్దం మధ్యలో అలాస్కా డాక్టర్లు గట్టిగా నిలబెట్టారు.

ఇప్పటి పద్ధతి ఇది. ముందు చలిలోంచి బయటికి రావాలి, ఉంగరాలు తీసెయ్యాలి. గ్లౌజు చర్మానికి అంటుకుపోతే పీకకూడదు, గోరువెచ్చటి నీళ్లు పోసి వదిలించాలి. తర్వాత 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో అరగంట దాకా, వేలు ఎర్రబడి మెత్తబడేవరకు ఉంచాలి. నీళ్ల వేడిని గాయపడ్డవాడు చూడకూడదు, వాడికి తెలియదు. పక్కవాడు మోచెయ్యి పెట్టి చూడాలి, పసిపిల్లకు స్నానం పోసేముందు చూసినట్టు. కరిగేటప్పుడు నొప్పి భరించలేనంతగా వస్తుంది. అది మంచి గుర్తే. రుద్దొద్దు, మంట దగ్గర కాచొద్దు, బొబ్బలు చిదమొద్దు. వేళ్ల మధ్య పొడి గాజుగుడ్డ పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రోజు మళ్లీ ఫ్రీజర్‌లోకి పంపడం మాత్రం ఘోరం, కరిగిన వేలు రెండోసారి గడ్డకడితే సాధారణంగా దక్కదు.

అమ్మోనియా పడితే ఇదంతా తర్వాత. ముందు కనీసం పావుగంట ధారగా నీళ్లు పోయాలి, కళ్లలో పడితే కళ్లు తెరిచి పట్టుకుని మరీ.

ఆసుపత్రిలో గంటలు లెక్క. నాళాల్లో గడ్డల్ని కరిగించే మందు, తీవ్రమైన కేసుల్లో పనికొస్తే, మొదటి 24 గంటల్లోనే పనికొస్తుంది. నాళాలను తెరిచే ఐలోప్రోస్ట్ అనే మందుకు మంచుకాటు కోసం అమెరికా 2024 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. వేలు తీసెయ్యడానికి మాత్రం తొందర పనికిరాదు. ఎక్కడిదాకా చచ్చింది, ఎక్కడినుంచి బతికింది అన్న గీత తేలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. జనవరిలో గడ్డకడితే జూలైలో కొయ్యాలని సర్జన్ల సామెత. నల్లబడ్డ పెచ్చు కింద కొత్త చర్మం ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ లేకపోతే ఆగమని అడిగే హక్కు రోగికి ఉంది.

డాక్టరుకు చెప్పాల్సింది ఏం పట్టుకున్నావు, అది ఎన్ని డిగ్రీల్లో ఉంది, ఎంతసేపు, ఎన్ని గంటలకు, కరిగించడానికి ఏం చేశారు అన్నవి. ఇవే వివరాలు ప్లాంటు యాక్సిడెంట్ రిజిస్టర్‌లోనూ పడాలి. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉన్నవాళ్లు పనిలో అయిన గాయం వల్ల మూడు రోజులు, ఆపైన పనికి వెళ్లలేకపోతే జీతంలో 90 శాతం దాకా వస్తుంది. ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కాంట్రాక్టరు కింద ఉన్నా సరే, చందా కట్టే బాధ్యత చివరికి అసలు యాజమాన్యానిదే. కానీ రిపోర్టు రాయకపోతే ఇవేవీ కదలవు. "చిన్న తిమ్మిరే కదా, రెండు రోజులు ఇంటి దగ్గర ఉండు, డబ్బులు మేమిస్తాం" అంటారు. మావాడు సరేనన్నాడు. ఆ రెండు రోజులు రెండున్నర నెలలయ్యాయి.

పెచ్చు ఊడాక రెండు వేళ్లు బాగానే వచ్చాయి. ఉంగరపు వేలు కొన కాస్త పొట్టిదైంది, గోరు వంకరగా మొలిచింది. వాడిప్పుడు ఊళ్లోనే చెరువు మీద మేత వేసే పని చేస్తున్నాడు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గట్టు మీదకి వెళ్లేటప్పుడు ఎడమచెయ్యి జేబులోనే ఉంచుకుంటాడు.